మన సంఘం వార్షిక నివేదిక 2025–26 (ఈసారి సగానికి పైగా స్కై లాంతర్ల గొడవే)

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక పదిహేను రోజులు ఆలస్యమైంది. కార్యదర్శి కూడా రైతే, కోతల్లో ఉన్నా, క్షమించండి. నిరుడు రెండు పేజీల్లో ముగిస్తే "ఏడాదంతా ఏం చేశారయ్యా మీరు" అని సర్వసభ్య సమావేశంలో లేచి అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకోసం ఈసారి పొడుగ్గా రాశా. అడిగినవాళ్ళే మొదట చదవాలి.

ముందు కృతజ్ఞతలు. ఆఖర్న పెడితే అక్కడిదాకా ఎవరూ రారు. గడలు కొట్టుకోమని తన వెదురుపొద వదిలేసిన మాజీ అధ్యక్షులకు, బాడుగ తీసుకోకుండా మూడు రోజులు ట్రాక్టరు తిప్పిన అన్నదమ్ములిద్దరికీ (డీజిల్ మనమే పోశాం, లెక్కలో ఉంది), సెలవు రోజున కూడా పిలకాయల్ని పంపి తాను కూడా వచ్చిన హెడ్మాస్టరు గారికి, మజ్జిగ కుండలు మోసుకొచ్చిన పడమటివీధి అక్కయ్యలకు, బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ ఫోన్‌పే చేసిన మన ఊరి ఉద్యోగులకు, కార్తీకం నెలంతా పొద్దుగూకేసరికి గుడి దగ్గర దీపం తాడు లాగిన పూజారి గారికీ ఆయన ఊళ్ళో లేనప్పుడు లాగిన మనవరాలికీ సంఘం తరఫున నమస్కారాలు. పేర్లు రాయలేదు. నిరుడు పేర్లు రాస్తే ఒకరిది తప్పిపోయి ఆరు నెలలు మాటల్లేకుండా పోయాయి.

మామూలు పనులు మామూలుగానే జరిగాయి. చలివేంద్రం పెట్టాం. కలుజు దగ్గర గుర్రపుడెక్క తీయించాం, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తీయించాలి. శ్మశానం దారికి గ్రావెల్ తోలించాం. కంటి పరీక్షల క్యాంపు పెట్టాం. పదో తరగతి పిలకాయలకు పరీక్షల ముందు సాయంత్రం పూట శనగలు, అరటిపండ్లు ఇచ్చాం. అక్టోబరు చివర మొంథా తుఫాను వానలకు పడమటివీధిలో నీళ్ళు నిలబడితే రెండు రోజులు వంట చేసి పెట్టాం. ఇవన్నీ మీ కళ్ళముందు జరిగినవే కాబట్టి ఇక్కడితో ఆపుతున్నా.

ఇక లాంతర్ల సంగతి, అంటే నిప్పంటించి ఆకాశంలోకి వదిలేసే కాగితం లాంతర్లు. సమావేశంలో దీనిమీద తీర్మానం పెడుతున్నాం కాబట్టి మొదటినుంచీ రాస్తా. కొందరు "అదేదో ఒక గడ్డివామి కాలింది, ఇంత రచ్చ ఎందుకు" అంటున్నారని నా దాకా వచ్చింది.

పోయిన మే నెల. ముహూర్తాల రోజులు. మేం మిద్దె మీద పడుకోనున్నాం, కరెంటు లేదు, తొమ్మిదిన్నర దాటుంటుంది. మెయిన్ రోడ్డు పక్కనుండే ఫంక్షన్ హాలు వైపు నుంచి ఎర్రటి దీపాలు ఒకటొకటే లేచాయి. మా చిన్నోడు విమానం అనుకున్నాడు. ఇరవై, ముప్పై, ఆ తర్వాత లెక్క తప్పింది. అబద్ధమెందుకు, బావున్నాయి. నేనూ నోరు తెరుచుకుని చూశా. మా ఇంటామె ఫోనులో వీడియో తీసింది, తర్వాత పనికొచ్చింది ఆ వీడియోనే. అప్పటికి సముద్రపు గాలి బాగా తిరిగింది, అన్నీ వరసకట్టి మన ఊరి మీదికే వస్తున్నాయి. చెరువుకట్ట దగ్గరికి వచ్చేసరికి వాటిల్లో ఒకటి పక్కకు ఒరిగింది. ఒరిగీ ఒరగ్గానే దాని కాగితానికే అంటుకుంది. నిప్పుముద్దలా దిగడం మొదలుపెట్టింది. ఎంత నిదానంగా దిగిందంటే మా చిన్నోడు చప్పట్లు కూడా కొట్టాడు.

రెండు నిమిషాలకు కట్ట అవతల వెలుగు.

ఆ వామి ఎవరిదో మీకు తెలుసు. మూడు బర్రెలు పెట్టుకుని పాలు పోసి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటున్న మన సభ్యురాలిది. నాలుగెకరాల గడ్డి. బేలర్‌తో రోల్స్ కట్టిస్తే ఖర్చవుతుందని మనుషుల్ని పెట్టి వామి వేయించుకుంది. వామి అంటుకుంటే ఆర్పేదేం ఉండదు, పైన ఎన్ని నీళ్ళు పోసినా లోపల కాలుతూనే ఉంటుంది. కరెంటు లేదు, మోటార్లు లేవు. నిమ్మతోటలకు మందు కొట్టే ట్యాంకు ట్రాక్టరు పట్టుకొచ్చి పక్క వామి మీదా, చావిడి తాటాకు కప్పు మీదా నీళ్ళు కొడుతూ ఉన్నాం. అంటుకున్నదాన్ని వదిలేసి అంటుకోబోయేదాన్ని కాపాడుకున్నాం. బర్రెల తాళ్ళు కొడవలితో కోసి తోలేశారు, వాటిల్లో ఒకటి తెల్లారి మూడు గంటలకు గానీ దొరకలేదు. ఫైరింజన్ వచ్చేసరికి బూడిద మీద నీళ్ళు చల్లడమే మిగిలింది. బండితో వచ్చిన కుర్రాళ్ళని ఏమీ అనను, పాపం వాళ్ళు అదే రాత్రి ఇంకో ఊరి నుంచి వచ్చారు. ఒక్క బండికి ఇన్ని ఊళ్ళు కట్టబెట్టినవాళ్ళను అనాలి.

పొద్దున బూడిదలో కర్ర పెట్టి గెలికితే దొరికింది. జల్లెడంత తీగ చుట్టు, మాడి నల్లబడి, మధ్యలో ప్లస్ గుర్తులా రెండు తీగలు, అవి కలిసేచోట మైనం మసి. దాంతోపాటు వచ్చిన ఇంకోటి కాలకుండా కట్టమీద వేపచెట్టుకు తగులుకుంది. దాని కాగితం మీద స్కెచ్ పెన్నుతో గుండె బొమ్మ వేసి "హ్యాపీ మ్యారీడ్ లైఫ్ బావా" అని రాసుంది.

రెండూ సంచిలో వేసుకుని అధ్యక్షులు, నేను, ఇంకో ఇద్దరం ఫంక్షన్ హాలుకు పోయాం. హాలు ఓనరు కూర్చోబెట్టి కూల్‌డ్రింకులు ఇచ్చి, "హాలు వరకే మాది, లాంతర్లు ఈవెంట్ వాళ్ళవి" అన్నాడు. ఈవెంట్ అబ్బాయికి ఫోన్ చేస్తే "అన్నా, అవి బయోడీగ్రేడబుల్ అన్నా" అంటాడు. నాయనా, మా వామి కూడా బయోడీగ్రేడబులే, అదే కదా బాధ. "మాదే పడిందని గ్యారంటీ ఏంది" అని కూడా అన్నాడు. వీడియో పంపించాక ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి పెళ్ళికూతురు తండ్రికి విషయం తెలిసి ఆయనే వచ్చాడు. ఆమె చావిడి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "పిల్లలు ముచ్చటపడ్డారమ్మా, ఇట్టా అవుతుందని తెలీదు" అని ట్రాక్టరు గడ్డి తోలించాడు. పెద్దమనిషి. ఆయన పెద్దమనిషి కాబట్టి బర్రెలకు గడ్డి వచ్చింది, కాకపోయుంటే వచ్చేది కాదు, అడగడానికి మనకు ఏ దారీ లేదు. ఆ రోజునుంచీ నన్ను తొలుస్తున్నది ఇదే.

ఆ లాంతరు ఎట్టా ఎగురుతుందో తెలిస్తే విషయం సగం అర్థమవుతుంది. పల్చటి కాగితం సంచి, మూతి దగ్గర వెదురు బద్ద చుట్టు లేదా ఇనప తీగ చుట్టు, అడ్డంగా తీగలు, వాటి మధ్యలో మైనం పట్టించిన గుడ్డముక్క. ముక్క అంటిస్తే లోపలి గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. మైనం ఉన్నంతసేపు, అంటే ఐదు పది నిమిషాలు పైన ఉంటుంది, ఆరిపోయాక చల్లబడి దిగుతుంది. అట్టపెట్టె మీద ఉండేది ఇంతవరకే. గాలికి ఒరిగినా, కాగితం చిరిగినా, మైనం ఆరకముందే దిగుతుంది. ఆ సంగతి పెట్టె మీద ఉండదు. గంటకు 15 కిలోమీటర్ల గాలి అంటే మనకు అసలు గాలి కింద లెక్కే కాదు, ఆ గాలికే పది నిమిషాల్లో రెండున్నర కిలోమీటర్లు పోతుంది. హాలుకీ మన కట్టకీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు. ఎగరేసినోడు ఫోటో దిగి లోపలికి పోయి బిర్యానీ తింటూ ఉంటాడు, అది ఎక్కడ దిగిందో వాడికి జన్మలో తెలీదు.

జర్మనీలో చదువుకుంటున్న మన ఊరి అబ్బాయి మన గ్రూపులో వామి ఫోటోలు చూసి అక్కడి సంగతి ఒకటి చెప్పాడు, తర్వాత నేనూ పేపర్లలో చదివా. క్రెఫెల్డ్ అనే ఊళ్ళో జూ ఉంది. 2019 డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరం సంబరాల్లో ఎగరేసిన లాంతర్ల వల్ల కోతుల భవనం అంటుకుంది. ఒరాంగుటాన్లు, గొరిల్లాలు, ఒక చింపాంజీతో కలిపి 30కి పైగా జంతువులు లోపలే కాలిపోయాయి. తెల్లారి ఒక తల్లి, ఆమె ఇద్దరు కూతుళ్ళు తమంతట తామే పోలీసుల దగ్గరికి పోయి ఎగరేసింది మేమే అని చెప్పారు. లాంతర్లకు చేత్తో రాసిన శుభాకాంక్షల చీటీలు కూడా కట్టారట. ఇక్కడ నాకు మన వేపచెట్టు "బావ" గుర్తొచ్చాడు. అసలు విషయం ఏంటంటే ఆ రాష్ట్రంలో 2009 నుంచే వాటిమీద నిషేధం ఉంది. ఆ తల్లీకూతుళ్ళకు తెలీదు. ఇంటర్నెట్‌లో కొన్నారు, అమ్మినవాడు అమ్మాడు. ఎగరేయడాన్ని ఆపి అమ్మడాన్ని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇంత రాశా. మనం పెట్టే తీర్మానంలో అమ్మకం సంగతి ఎందుకు ఉందో అడిగినవాళ్ళకు ఇదే జవాబు.

ఇంకోటి ఇంగ్లండులో, స్మెథిక్ అనే చోట. 2013 జూన్ 30 రాత్రి పూట లక్ష టన్నుల ప్లాస్టిక్, కాగితం గుట్టలున్న రీసైక్లింగ్ యార్డు మీద ఒక్క లాంతరు పడింది, రెండు వందల మందికి పైగా ఫైర్ సిబ్బంది రావాల్సి వచ్చింది. అది పడటం సీసీ కెమెరాలో కనిపించింది కాబట్టి కారణం తెలిసింది. మన వాములకు సీసీ కెమెరాలు లేవు. ఆ రాత్రి మా ఇంటామె వీడియో తీయకపోయుంటే "ఎవడో బీడీ తాగి పారేసుంటాడు" అని తేల్చేసేవాళ్ళు, నేనూ అదే అనేవాణ్ణి. ఇంతకుముందు కారణం తెలీకుండా కాలిన వాముల్లో బీడీలవి ఎన్నో, పెళ్ళిళ్ళవి ఎన్నో.

నిప్పుతో అయిపోలేదు. తీగ ఉంది.

ఆగస్టులో మన సభ్యుడి చూడి బర్రె మేత మానేసింది. పాలు తగ్గడం, వీపు వంచి నిలబడటం, పల్లంలోకి దిగాలంటే మూలగడం. పశువుల డాక్టరు గారు చూసి లోపల ఇనుము గుచ్చుకుందన్నారు. అది లాంతరు తీగేనా అని నేను అడిగితే "కార్యదర్శి గారూ, అది కంచె తీగా, లాంతరు తీగా, ఇనప మేకా, బర్రె నాకు చెప్పలేదు" అన్నారు. కాబట్టి ఆ బర్రెను లాంతర్ల ఖాతాలో వెయ్యను. కానీ ఆయన చెప్పినది అందరూ వినాల్సింది. పశువు మనలాగా నమిలి ఏరుకుని తినదు, చుట్టి మింగేస్తుంది. మింగిన తీగ తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉండే రెండో పొట్టలో కూర్చుంటుంది. ఆ పొట్టకు కాస్త ముందే గుండె, మధ్యలో పల్చటి తెర. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు గుచ్చుకుంటూ పోతుంది. ముందు జాగ్రత్తగా కొన్నిచోట్ల పశువు చేత అయస్కాంతం మింగిస్తారట, ఇనుము దానికి అతుక్కుని అక్కడే ఉండిపోవడానికి. పొడుగు తీగ కంటికి కనపడుతుంది, ఏరేస్తాం. చాఫ్ కట్టర్‌లో పడితే అంగుళం అంగుళం ముక్కలవుతుంది, అప్పుడు ఎవడూ ఏరలేడు. బేలర్ రోల్‌లో చుట్టుకుపోతే విప్పేదాకా తెలీదు. ఈవెంట్ అబ్బాయి చెప్పిన బయోడీగ్రేడబుల్ రకంలో చుట్టు వెదురే, ఒప్పుకుంటా. మధ్యలో మైనం ముక్కను పట్టుకునేది తీగే, మన సంచిలో ఉన్నవి చూసుకోండి.

ఇప్పుడు మన సంఘం ఈ ఏడాది గర్వంగా చెప్పుకునే పని.

మేలో ఆ గొడవ జరిగాక మహిళా సభ్యుల మీటింగులో పూజారి గారి మనవరాలు (డిగ్రీ రెండో ఏడాది) ఒక మాట అంది. "మనకు ఆకాశదీపం ఉంది కదా, దానికి తాడుంది." అంతే అంది. మిగతా పని మేం చేశాం. కార్తీకంలో ధ్వజస్తంభానికి కంతల ఇత్తడి పాత్రలో దీపం పెట్టి తాడుతో పైకి లాగడం మన శివాలయాల్లో ఉన్నదే. పైకెత్తినవాడే నూనె పోయాలి, వాడే దించాలి. గాలి ఎక్కువైతే దించేస్తారు. కార్తీక పౌర్ణమికి చెరువుకట్ట పొడుగునా వెదురు గడలు పాతి, ఒక్కోదానికి కప్పీ, తాడు కట్టి, ఒక్కో ఇంటి పిలకాయలు ఒక్కో దీపం ఎత్తాలని నిర్ణయించాం.

డబ్బాలు పిలకాయలే చేశారు. పాత నూనె డబ్బాలకు మేకుతో కంతలు కొట్టాలి. వట్టి డబ్బాను కొడితే సొట్టపోతుంది. బడిలో పాత అటెండరు గారు చిట్కా చెప్పారు, డబ్బా నిండా తడి ఇసుక కూరి అప్పుడు కొట్టమని. కంత శుభ్రంగా పడింది. చిలకలు, చేపలు, ఒకడు ట్రాక్టరు, ఒక పాప వాళ్ళ బర్రె బొమ్మ కొట్టింది, కొమ్ములతో సహా. మేకు గుచ్చుకుని ముగ్గురికి టీటీ ఇంజెక్షన్లు వేయించాం, ఆ ఖర్చు కూడా లెక్కలో ఉంది. తుఫాను గాలికి పాతిన గడల్లో పన్నెండు పడిపోయాయి. మళ్ళీ పాతాం. నవంబరు 5 పౌర్ణమి. సాయంత్రం దాకా మబ్బే, ఏడింటికి తెరిపి ఇచ్చింది. పంతులుగారు గుడి దగ్గర మొదటి దీపం లాగాక కట్టమీద ఈ చివరినుంచి ఆ చివరకు 63 దీపాలు ఒకటొకటే లేచాయి, కింద నీళ్ళలో ఇంకో 63. తొమ్మిదిన్నరకు దించి, లెక్కపెట్టి, డబ్బాలు బళ్ళో పెట్టాం. 63 ఎక్కాయి, 63 దిగాయి. వామి కాలిన మన సభ్యురాలు కూడా తన చిన్నమ్మాయితో వచ్చి ఒక తాడు పట్టుకుంది. పక్క రెండు ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి పోయారు, వచ్చే ఏడు మేమూ పెడతాం, గడలెక్కడివి అని అడిగారు.

జనవరి 1 పొద్దున కార్యక్రమం గురించి ఇంత సంతోషంగా రాయలేను. డిసెంబరు 31 రాత్రి హాలు దగ్గరా, రోడ్డు మీది డాబాల దగ్గరా ఎగరేస్తారని తెలుసు కాబట్టి తెల్లారి పొలాల్లో తిరిగి తీగలు ఏరాలని అనుకున్నాం. మన గ్రూపులో 214 మంది. వస్తామని ఫోనులో బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళు 90 మందికి పైగా. ఆరున్నరకు గుడి దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు తొమ్మిది మంది, అందులో ఇద్దరు పిలకాయల్ని దింపడానికి వచ్చి సిగ్గుపడి ఆగిపోయినవాళ్ళు. యువజన విభాగం కన్వీనరు ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి "అన్నా, ఎక్కడున్నారు" అని మెసేజ్ పెట్టాడు. ఇంట్లో ఉన్నాం నాయనా, స్నానం చేసి అన్నం తింటున్నాం. బడి పిలకాయలు మాత్రం 34 మంది వచ్చారు. గెనాల మీద జారి పడుతూ లేస్తూ, నాట్లు వేసిన కయ్యల్లోకి దిగకుండా, నాలుగు జట్లుగా తిరిగాం. పాతవీ కొత్తవీ కలిపి 27 చుట్లు దొరికాయి. నిమ్మతోటల్లో ఎక్కువ, ముల్లుకు తగులుకుని అక్కడే ఉండిపోయాయి. ఒకటి బడి మిద్దె మీద, ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ స్టే వైరుకు వేలాడుతూ. దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు, లైన్‌మన్ వచ్చి తీశాడు. ఒకదానిలో మైనం ముక్క సగం కూడా కాలలేదు, అంటే మండుతుండగానే దిగింది. అది దొరికింది పోయిన మేలో వామి ఉన్న చోటికి గట్టిగా నూరు గజాలు. ఈ కాలంలో చుట్టూ పచ్చని పైరు, తడి నేల, కాబట్టి బతికాం.

సభ్యుల్లో ఎదురు వాదనలు లేకపోలేదు. అవి దాచి తీర్మానం పెట్టడం నాకు ఇష్టం లేదు.

యువజన విభాగం వాళ్ళు తైవాన్‌లో పింగ్షీ అనే ఊళ్ళో, థాయిలాండ్‌లో చియాంగ్ మాయిలో లాంతర్ల పండగలే చేస్తారు, లోకమంతా పోయి చూస్తుంది అన్నారు. నిజమే. పింగ్షీ కొండల మధ్య వానలు ఎక్కువ పడే చోటు, మన మే నెల అక్కడ లేదు. చియాంగ్ మాయిలో ఆ రాత్రులు విమానాలే రద్దు చేసుకుంటారు. అంటే పండగ చేసుకునేవాళ్ళు కూడా అది ఊరికే వదిలే వస్తువు కాదని ఒప్పుకున్నట్టే. ఇంకోవైపు వేల్స్‌లో మొత్తం 22 కౌన్సిళ్ళూ తమ స్థలాల్లో ఎగరేయడం ఆపేశాయి. బ్రెజిల్‌లో 1998 చట్టం ప్రకారం నిప్పంటించగల బెలూన్లు ఎగరేసినా, తయారుచేసినా, అమ్మినా జైలో, జరిమానానో, లేదా రెండూనో. మన దేశంలోనే ముంబయి పోలీసులు వీటి అమ్మకం, వాడకం ఆపుతూ చాలాసార్లు ఆదేశాలిచ్చారు.

రెండో వాదన నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. "కొయ్యకాళ్ళు మీరే కాలుస్తారు, ఏడాదికోసారి ఊరంతా పొగపెడతారు, ఒక పెళ్ళికి నాలుగు దీపాలు ఎగరేస్తే తప్పొచ్చిందా" అని ఒకబ్బాయి మొహం మీదే అడిగాడు. కాలుస్తా. ఒప్పుకున్నా. రెండేళ్ళ కిందట నా నిప్పే గెనెం దాటి పక్క కయ్యలో పైపులు కాల్చింది. కానీ ఆ పూట నేను గెనెం మీదే నిలబడున్నా, పక్క కయ్య ఆయన వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు, పైపులు కొనిచ్చా. లాంతరు ఎగరేసినోడి చొక్కా ఎక్కడుంది? నా అభ్యంతరం నిప్పు మీద కాదు, పండగ మీదా కాదు, దిక్కులేని నిప్పు మీద. అయినా ఆ అబ్బాయి అడిగింది న్యాయమే కాబట్టి కొయ్యకాళ్ళ విషయం వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టాం, ఈసారి నా కయ్యలో రోటవేటరే వేయించా.

మూడోది, ఏడాదంతా ఎందుకు, మార్చి నుంచి జూన్ దాకా ఆపితే చాలదా అని. నిప్పు వరకే అయితే చాలు. తీగకు సీజన్ లేదు.

ఇక ఆఫీసుల సంగతి. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, డిసెంబరు 20 ప్రాంతంలో ఒకసారి, మొత్తం మూడు అర్జీలు పెట్టాం. మొదటిసారి "ఇది మా సబ్జెక్టు కాదు" అన్నారు. ఎవరి సబ్జెక్టో చెప్పమంటే ఇంకో ఆఫీసుకు పంపారు, వాళ్ళు "ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు" అన్నారు. ముంబయి వాళ్ళు పాత 144 సెక్షన్ కింద ఇచ్చారు, ఇప్పుడది కొత్త నాగరిక సురక్షా సంహితలో 163 అయింది అని మన లాయరు సభ్యుడి చేత రాయించి ఇచ్చాం. "అది సిటీ అండీ" అన్నారు. సిటీలో గడ్డివాములు ఉంటాయా స్వామీ? మూడోసారి ఇచ్చిన అర్జీకి రసీదు మాత్రం ఇచ్చారు, ఫైల్లో పెట్టా, చూడాలనుకున్నవాళ్ళు చూడొచ్చు. ఆగస్టు 15 గ్రామసభలో మాట్లాడదామని పోతే మన సంఘం నుంచి వచ్చింది ఐదుగురం, కోరం చూసి వాళ్ళు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది.

కాబట్టి పైవాళ్ళు ఇచ్చేదాకా ఆగకుండా మనం చేయగలిగింది రాసుకున్నాం. సమావేశంలో పెట్టే తీర్మానం ఇది: మన ఊళ్ళో ఏ పెళ్ళికీ, పుట్టినరోజుకీ, రాజకీయ నాయకుల ఊరేగింపుకీ స్కై లాంతర్లు ఎగరేయకూడదు, ఏడాది పొడుగునా. మన ఊరి అంగళ్ళలో అమ్మకూడదు (రెండు అంగళ్ళవాళ్ళూ ఇప్పటికే ఒప్పుకున్నారు, మిగిలిన సరుకు సంఘం కొని పారేస్తుంది). ఫంక్షన్ హాలు బుకింగ్ కాగితంలో "లాంతర్లు ఎగరేయరాదు, ఎగరేస్తే నష్టం హాలుదే" అని ఒక లైను రాయించమని పంచాయతీని గట్టిగా అడగాలి. హాలు పర్మిషన్ పంచాయతీ చేతిలోదే కాబట్టి అక్కడే పట్టుకోవాలి. పిలకాయల్ని పట్టుకుని ఫైన్లు వేయడం ఇందులో లేదు, ఉండకూడదు. వాళ్ళు కట్టమీద దీపం ఎత్తుకుంటారు.

జమాఖర్చులు: పోయిన ఏడాది మిగులు, చందాలు, విరాళాలు కలిపి 1,12,400 వచ్చింది, ఖర్చు 1,04,750, చేతిలో 7,650. బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఆడిట్ కమిటీ చూసి సంతకాలు పెట్టింది. గ్రావెల్ బిల్లు ఎక్కువ అన్నవాళ్ళు కోశాధికారితో మాట్లాడుకోండి, నాతో కాదు. చందా కట్టనివాళ్ళు 71 మంది, లిస్టు గుడి గోడకు అంటిస్తా అంటే అధ్యక్షులు వద్దన్నారు. ఆయనది మెత్తటి మనసు. ఏప్రిల్ 30 లోపల కట్టకపోతే అంటిస్తా.

కమిటీ మీటింగులు పన్నెండు జరగాల్సింది ఎనిమిదే జరిగాయి. నాలుగింటికి కోరం లేదు. ఉపాధ్యక్షుల్లో ఒకరు ఏడాది మొత్తం మీద ఒకసారి వచ్చారు, అదీ ఫోటో ఉన్న రోజు. ఈ పదవి నాకు ఐదో ఏడు, కొత్తవాళ్ళు ముందుకొస్తే ఈ రోజే రిజిస్టరు చేతికిస్తా. ఇది అలిగి అంటున్న మాట కాదు. సరే, కొంచెం అలిగే.

సమావేశం ఆదివారం సాయంత్రం ఐదుకు గుడి మంటపంలో. తీగల సంచి అక్కడే బల్లమీద పెడతా, పిలకాయల్ని చేతులు పెట్టనివ్వకండి, కొనలు వాడిగా ఉన్నాయి. పులిహోర, మజ్జిగ ఉంటాయి.

మర్చిపోయా, కార్తీకం దీపాల తాళ్ళలో పెద్దది, గుడి దగ్గరి ముప్పై గజాల నైలాన్ తాడు, సంక్రాంతికి ఎవరో ఎద్దులకని తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. ఆదివారం వచ్చేటప్పుడు తెచ్చేయండి.

ఇట్లు,
కార్యదర్శి